దీపం చీలలేదు, అత్తా

మా మేనత్త పోయింది. పోయిన నెల, మారికుప్పంలో, గని కూలీలకు వరసగా కట్టిన లైన్ ఇళ్లలోని మా ఇంట్లో, పొద్దున పూట, నా చెయ్యి పట్టుకునే పోయింది. ఆమె పుట్టిన ఊరూ మెట్టిన ఊరూ ఒకటే. ఆ ఊరికి ఆ కబురు మరునాడు గాని చేరలేదు. కన్నకొడుక్కి కూడా మరునాడే తెలిసింది. ఆ ఒక్క రోజూ కబురును మా లైన్ దాటనివ్వకుండా పట్టుకొని కూర్చున్నాము. అట్లా చెయ్యమని నా చేత ఒట్టు వేయించుకున్నది ఆమే.

ఎందుకట్లా చేశారని బంధువులు ఇప్పటికీ అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. చెప్పబోయిన ప్రతిసారీ మధ్యలో ఏదో పని ఉందని లేచిపోతున్నాను. నేను పదో తరగతి వరకే చదివినదాన్ని, రాయడం అలవాటు లేదు. అయినా నోటితో చెప్పలేనిది కాగితం మీద కొంచెం నిదానంగా చెప్పవచ్చు అనిపించి కూర్చున్నాను.

మా నాన్న ఊరికి ముళబాగిలు దాటాక పెద్దరోడ్డు వదిలి లోపలికి పోవాలి. పెద్ద పెద్ద గుండ్లు పేర్చినట్టున్న గుట్ట, దాని కింద గంగమ్మ గుడి, గుడి చుట్టూ ఇళ్లు, ఇళ్లు దాటితే టమోటా తోటలు. ఊరి పేరు చెబితే బయటివాళ్లకు తెలియదు. గంగమ్మ దీపాల ఊరంటే చిత్తూరు వైపు వాళ్లకు కూడా తెలుసు.

ఆ దీపాలు మట్టివి కావు. నానబెట్టిన బియ్యాన్ని దంచి, బెల్లం కలిపి చేసే తంబిట్టుతో పెడతారు. ఆ ముద్దను చిన్న గోపురంలాగా నిలబెట్టి, పైన గుంట చేసి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. చుట్టూ కనకాంబరాలు, మరువం కడతారు. ఇంటి కోడలు దాన్ని ఇత్తడి తట్టలో పెట్టి తల మీద ఎత్తుకొని, పలక డప్పుల మోత వెంట గుడికి నడుస్తుంది. గుడి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేదాకా ఆ దీపం చీలకూడదు. చీలితే ఆ ఇంటికి మంచిది కాదని నమ్మకం. మొదటి దీపం మా అత్త ఇంటి నుంచి లేవాలి. అది లేచాకే మిగతా ఊరు దీపాలు ఎత్తుతుంది.

పండగకు ముందు ఊళ్లో చాటింపు వేస్తారు. మొదటి దీపం ఇంటి మగవాడికి గుడిలో కంకణం కడతారు. ఆ కంకణం విప్పేదాకా ఊరందరికీ కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. ఎవరింట్లోనూ తాలింపు పెట్టరు. పచ్చిచెట్టు నరకరు. ఊరివాళ్లు బయట ఊళ్లో నిద్ర చేయరు. ఆ మధ్యలో ఊళ్లో చావు జరిగితే ఇక దీపాలు లేవవు. మొదటి దీపం ఇంటికి మైల తగిలినా లేవవు, ఆ చావు ఏ ఊళ్లో జరిగినా సరే. అయితే దూరాన జరిగిన చావుకు, కబురు చెవిన పడినప్పటి నుంచే మైల అని మా పెద్దలు చెబుతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా అత్త చివరి రోజులన్నీ ఈ మాట మీదే నడిచాయి.

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత మా నాన్నకు లోపల డ్రిల్లు పని దొరికింది. నేను పుట్టింది ఈ లైన్లలోనే. మూడో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. కర్మకాండలకు వచ్చిన అత్త, వెళ్లేటప్పుడు నన్ను చంకనేసుకొని బస్సెక్కింది. చంకనేసుకునే వయసు కాదు నాది. అయినా దించలేదు. బస్సులో ఎవరో బిడ్డకు కాళ్లు బాగాలేవా అని అడిగితే అవునని తల ఊపింది. దారంతా నాకు నడవాల్సిన పని లేకుండా చేసింది.

ఆ ఏడాది నేను ఊళ్లోనే ఉన్నాను. రాత్రిపూట ఉలిక్కిపడి ఏడిస్తే ఆమె ఓదార్పు మాటలు చెప్పేది కాదు. "గంగమ్మకు చెప్పినాను, ఆమె చూసుకుంటాది. నువ్వు పండుకో" అనేది. గంగమ్మ పక్కింటి మనిషైనట్టు, ఇప్పుడే గోడ మీదుగా మాట్లాడి వచ్చినట్టు చెప్పేది. ఈనాటికీ దేవుడి ముందు కూర్చుంటే నాకు భయం లేకుండా పోవడం ఆమె దగ్గరే అబ్బింది.

సంవత్సరం తిరక్కముందే తనే నన్ను మళ్లీ తీసుకొచ్చి మా నాన్న ముందు నిలబెట్టింది. నాన్నకు అక్క ఆమె. నాన్న నన్ను ఊళ్లోనే ఉంచుకోమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "బిడ్డకు కూడు నేను పెడతా. చదువు నేను పెట్టలేను గదరా. అది ఈడుండాది" అన్నది. ఆ తర్వాత వీలైనప్పుడల్లా రాగిపిండి, అనపకాయలు గోతంలో కట్టుకొని బస్సులో వచ్చేది. పదో తరగతి పరీక్షలు రాసిన రోజుల్లో వచ్చి వంట చేసిపెట్టి, నేను చదువుతుంటే గుమ్మం దగ్గర కూర్చొని వచ్చేపోయేవాళ్లను మెల్లగా మాట్లాడమని సైగ చేసేది.

పండగ జరిగిన ఏడు దీపం ఇంటికి వచ్చాక దాన్ని ముక్కలు చేసి పంచుతారు. అందులో వత్తి పెట్టిన తావు ఉంటుందే, అక్కడ నెయ్యి ఇంకి, కొంచెం మాడి, నల్లగా ఉంటుంది. పిల్లలందరికీ ఆ ముక్కే కావాలి. దాని రుచి అట్లాంటిది. అత్త దాన్ని నాకే పెట్టేది. ఆమె కొడుకు, అంటే మా బావ, నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు. ఒకసారి అతనికి కోపం వచ్చింది. కన్నకొడుకును నేనుంటే ఆ పిల్లకు ఎందుకిస్తావని కాళ్లు నేలకేసి కొట్టాడు. అత్త తలెత్తకుండానే చెప్పింది.

"నీకు అమ్మ ఉండాది గదరా. దానికి వత్తి తావన్నా ఉండనీ."

బావ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను తినేదాకా పక్కనే కూర్చునేవాడు. నా మూతికి పిండి అంటుకుంటే అత్త కొంగుతో తుడిచేది. "చూసినోళ్లు పిండిదొంగ అంటారు, ఇట్ల రా" అనేది.

మామ పోయాక ఆమె దీపం ఎత్తలేదు. మా వైపు ఆనవాయితీ అది. దాని గురించి ఆమె బాధపడిందో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యం చేయలేదు. దీపాన్ని కోడలి, అంటే బావ భార్య, తల మీదికి ఎత్తి, చుట్టకుదురు సరిచేసి, "ఎత్తే తల నీది, కలిపిన చెయ్యి నాది. చూసుకొని నడు" అని పంపేది. పలకలు దూరమయ్యేదాకా గుమ్మంలో నిలబడి ఉండేది. దీపం తిరిగి వచ్చాక ముందు దేవుడికి దండం పెట్టేది కాదు. దీపం చుట్టూ వేలితో తడిమి చూసేది. చీలిక లేదని తెలిశాకే చేతులు జోడించేది.

ఇదివరకు ఒకసారి పండగ ఆగిపోయింది. చాటింపు అయిన తర్వాత ఒక ఇంటి ముసలాయన పోయాడు. ఊరంతా నానబోసిన బియ్యాన్ని వార్చి చాపల మీద ఎండేసుకున్నారు. ఆ తర్వాత వానలు లేక ఒకసారి, పెద్దల మధ్య మాట కుదరక ఇంకోసారి, పండగ జరగనే లేదు. ఊరు మాత్రం అన్నిటికీ ఆ ఇంటినే అన్నది. వాళ్లకు పండగ ఆపినోళ్లని పేరు పడిపోయింది. బోరు ఎండిపోయినా వాళ్ల వల్లే, టమోటాకు ధర పడిపోయినా వాళ్ల వల్లే. ఆ ఇంటి కోడలు కొళాయి దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. మా అత్త తన బిందెను తీసుకుపోయి ఆమె బిందె పక్కన పెట్టి, ఊరందరికీ వినపడేటట్టు ఆమెతో కూరల గురించి మాట్లాడేది.

ఇంటికి వచ్చాక మాత్రం నాతో మెల్లగా అన్నది. "ముసలాయన కావాలని పోయినాడా అమ్మీ? ఆ పిల్ల మొగం చూసినావా? కొళాయి కాడ నేల చూసుకుంటా నిలబడుకొనుండాది."

పోయిన ఏడాది చివర్లో అత్తకు కాళ్లు వాచాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. కోలారులో డాక్టరు చూసి, గుండె అలిసిపోయింది, మందులతో కొంచెం కాలం నెట్టుకురావడమే అని బావకు చెప్పాడు. బావ బయటికి వచ్చి, భయపడాల్సిందేమీ లేదమ్మా అన్నాడట. అత్త ఆటోలో కూర్చొని అతని ముఖం చూసి, "దీపాల దాకా ఉంటానా?" అని మాత్రం అడిగిందట.

అంతకు కొన్నాళ్ల ముందే ఊరి పెద్దలు కలిశారు. ఇన్నేళ్ల తర్వాత పండగ చేద్దామని మాట కుదిరింది. కంకణం బావకే కట్టాలి. ఊరికి సంతోషం, మా అత్తకు చెప్పలేనంత సంతోషం. ఆ సంతోషంలోనే నాకు ఫోన్ చేసింది. చాటింపు కంటే ముందు వచ్చి తనను మా ఇంటికి తీసుకుపొమ్మన్నది. ఆసుపత్రి దగ్గరగా ఉంటుందని అనుకుంటోందేమో అనుకున్నాను. బావ కూడా అదే అనుకున్నాడు.

నేను ఊరికి వెళ్లేసరికి ఆమె రోలు పక్కన గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కోడలి చేత పిండి కలిపిస్తోంది. ఇన్నాళ్లూ దీపం ఎత్తడమే గాని, పిండి కలపడం కోడలికి రాదు. అత్త ఎవరినీ రోలు దగ్గరికి రానిచ్చేది కాదు. ఇప్పుడు కూర్చున్న చోటి నుంచే అంతా చెబుతోంది. కోడలు చెంబు అందుకోబోయింది.

"నీళ్లు పోస్తావా ఏమి? చెయ్యి తీయి. బెల్లంలోనే నీళ్లుండాయి. అవి బయటికొచ్చేదాకా దంచల్ల."

"నా చేతికి రాదత్తా. మీరుండి చెయ్యండి."

"నా చేతికి వచ్చేదానికి ఎంత కాలం పట్టిందో మీ మామనడుగు."

"మామ యాడుండాడు అడిగేదానికి?"

"అందుకే చెప్తా ఉండా. ఉన్నప్పుడే అడుగు."

ఇద్దరూ నవ్వారు. కోడలి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తల వంచుకొని మళ్లీ రోకలి ఎత్తింది. ఆ రోజు కలిపిన ముద్దను అత్త అరచేతిలో పెట్టుకొని, వేళ్లతో నొక్కి చూసి, ఇది గుడి మెట్ల దగ్గరే చీలుతుందని చెప్పింది. మరునాడు మళ్లీ కలిపించింది. ఆ మరునాడు మళ్లీ. చివరిదాన్ని చూసి ఏమీ అనలేదు. చీలదని కూడా అనలేదు. అదే ఆమెకు మిగిలిపోయిన బెంగ.

బయలుదేరే రోజు కోడలు తోటకు వెళ్లినప్పుడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని అసలు సంగతి చెప్పింది.

"నేనీడ పోతే దీపాలు లేవవు అమ్మీ. రేపు నా కోడలు కూడా కొళాయి కాడ నేల చూసుకుంటా నిలబడాల. నన్ను ఊరు దాటించు."

అట్లా ఏమీ జరగదని నేను చెప్పబోయాను. ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"జరుగుతాదో లేదో గంగమ్మకు తెలుసు. జరిగితే మాత్రం వానికి చెప్పొద్దు. వాని చేతికి కంకణం ఉన్నంతవరకు చెప్పొద్దు. విననోనికి మైల లేదు."

"బావ నా మొగం చూస్తాడా అత్తా ఇంగ?"

"కొన్నాళ్లు తిడతాడు. నా కోసరం పడు."

గంగమ్మ కుంకుమ భరిణె నా చేతిలో పెట్టి ఒట్టు వేయించుకుంది. నాకు కాదనడం చేత కాలేదు. ఆ చెయ్యి నన్ను చంకనేసుకున్న చెయ్యి.

ఆటో గుడి ముందు ఆపించుకుంది. మెట్లు ఎక్కలేక కిందే నిలబడింది. ఎక్కడికి బయలుదేరినా గుడి ముందు ఆగి, పోయొస్తా తల్లీ అనడం ఆమె అలవాటు. ఆ రోజు, "పోతా ఉండా తల్లీ" అన్నది. పక్కనే ఉన్న బావ మందుల సంచి సర్దుతూ వినలేదు.

మా ఇంట్లో ఆమె కిటికీ దగ్గర మంచం వేయించుకుంది. అక్కడి నుంచి గనుల మట్టిదిబ్బలు కనబడతాయి. గాలి వీస్తే వాటి మీది నుంచి తెల్లటి దుమ్ము లేస్తుంది. మొదటి రోజు చాలాసేపు అటే చూసి, "ఇంత పిండి ఎవరు దంచి పోసినారమ్మీ? దీపం పెడితే ఎవరి తలకు ఎత్తేది?" అన్నది. మా ఆయన గట్టిగా నవ్వాడు. ఆయన తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి, పొద్దుపోయాక వచ్చే మనిషి. ఇంట్లో నవ్వడం తక్కువ. ఆమె ఉన్న రోజుల్లో కాస్త ఎక్కువ నవ్వాడు.

ఊళ్లో చాటింపు వేసిన నాటి నుంచి అత్త మా ఇంట్లో కూడా తాలింపు పెట్టనివ్వలేదు. ఊరు దాటి వచ్చినవాళ్లకు ఆ కట్టుబాటు లేదు కదా అంటే, కట్టుబాటు ఊరికి కాదు, గంగమ్మ పిల్లలకు అన్నది. తాలింపు లేని పప్పు, చప్పటి చారు. మా ఆయన ఒక్క మాట అనకుండా తిన్నాడు. ప్రతి పూటా ఆమె నన్ను అడిగేది, ఇప్పుడు ఊళ్లో ఏం చేస్తుంటారని. నేను చెప్పేలోపు తనే చెప్పేది. గుడికి సున్నం వేస్తుంటారు. పలకలను ఎండలో పెడుతుంటారు. తోరణాలకు మామిడాకు తెస్తుంటారు.

దీపాల రోజు పొద్దున లేవగానే మొహం కడిగించుకొని బొట్టు స్థానంలో విభూతి పెట్టించుకుంది. కొంచెం గంజి తాగింది.

"బియ్యం నానింటాయి గదమ్మీ?"

"నానింటాయత్తా."

"వార్చేటప్పుడు నీళ్లు బాగా కారల్ల. చెప్పడం మరిచిపోయినా."

ఫోన్ చేసి చెబుదామా అన్నాను. వద్దు, దానికే తెలుస్తుందిలే అన్నది. నా చెయ్యి పట్టుకొని కళ్లు మూసుకుంది. మారికుప్పం స్టేషన్లో రైలు కూత వినబడింది. ఆమె ఊపిరి ఒకసారి దీర్ఘంగా వచ్చి, మళ్లీ రాలేదు. ఊళ్లో ఆ సమయానికి బియ్యం వారుస్తుంటారు. నాకు అదొక్కటే తోచింది. ఏడుపు తర్వాత వచ్చింది.

అత్తకు బాగాలేదని ఆ రోజు మా ఆయన పనికి పోలేదు, ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. నేను ఒట్టు సంగతి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. కోపం తెలియని మనిషికి ఆ రోజు కోపం వచ్చింది.

"తల్లిని ఈడ పండబెట్టుకొని కొడుకును పండగ చేసుకోమంటావా? రేపు వాడు నన్నడిగితే ఏం చెప్పాల?"

ఆయన న్యాయం ఆయనది. నేను కుంకుమ భరిణె తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆమె కోరి తెచ్చుకున్న చావు ఇది, ఊరు దాటి వచ్చి మరీ తెచ్చుకుంది, ఇప్పుడు మనం ఫోన్ చేస్తే ఆమె వచ్చిన దారి అంతా వృథా అవుతుంది అన్నాను. నేనట్లా మాట్లాడటం నా పెళ్లయ్యాక అదే మొదలు. ఆయన ఫోన్ పక్కన పెట్టి, ఐసు పెట్టె తేవడానికి బజారుకు పోయాడు. పక్కింటి తమిళ అక్క వచ్చి నన్ను పట్టుకుంది. మా లైన్లో అందరూ సంగతి తెలుసుకున్నారు. గట్టిగా ఏడవొద్దని ఒకరికొకరు చెప్పుకున్నారు.

సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు నా ఫోన్ మోగింది. బావ. ఎత్తకపోతే అనుమానం వస్తుందని ఎత్తాను. వెనక జనం, పలకలు.

"అమ్మ యాడుండాది? ఫోనియ్యి."

"పండుకొనుండాది బావా."

"లేపొద్దులే. దీపం ఎత్తుతా ఉండాం. ఫోను చెవి కాడ పెట్టు. పలకలు వినపడితే తనే లేస్తాది."

మా ఆయనకు ఆ మాటలు వినబడ్డాయి. ఆయన లేచి వచ్చి, ఐసు పెట్టె అద్దం మూత రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. పొద్దున నాతో వాదించిన మనిషే. నేను ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. చెవి చల్లగా ఉంది. పలకలు మోగుతున్నాయి, అత్త కోడలిని జాగ్రత్తగా నడవమని ఎవరో చెబుతున్నారు, జనం గంగమ్మ తల్లీ అని అరుస్తున్నారు. మోత మెల్లగా గుడి వైపు పోయింది. ఆమె గుమ్మంలో నిలబడి ప్రతిసారీ విన్నది అదే మోత. అది పూర్తిగా దూరమయ్యేదాకా నేను చెయ్యి తీయలేదు. ఆయన మూత దించలేదు.

మరునాడు పొద్దున ఊళ్లో కంకణం విప్పారు. విప్పిన వెంటనే బావ మొదటి బస్సు పట్టుకొని బయలుదేరాడు. ఎవరూ రమ్మనలేదు. వాళ్ల అమ్మకు దీపం సంగతి తన నోటితో చెప్పాలని వచ్చాడు. చేతిలో తెల్లగుడ్డ మూట. లైన్ మొదట్లో మలుపు తిరగ్గానే మా ఇంటి ముందు వేసిన కుర్చీలు కనబడ్డాయి. కుర్చీల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. అతను అక్కడే ఆగిపోయాడు. నేను ఎదురు వెళ్లాను.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున."

అతను నన్ను చూస్తూనే ఉన్నాడు. నిన్న పొద్దున నుంచి నిన్న సాయంత్రం దాకా లెక్క వేసుకుంటున్నట్టు అతని ముఖంలో కనబడింది.

"అయితే ఫోను..."

నేను తల ఊపాను. అతను మా మెట్టు మీద కూర్చుండిపోయాడు. మణికట్టు మీద కంకణం దారం పసుపు ఇంకా పోలేదు. "నువ్వెట్ల ఉండగలిగినావు అమ్మీ?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. అమ్మ కుంకుమ మీద ఒట్టు వేయించుకుందని, కోడలు కొళాయి దగ్గర తల వంచకూడదని అన్నదని చెప్పాను. విని తల దించుకున్నాడు.

తర్వాత మూట విప్పాడు. దీపం ముక్క. పైన నల్లగా, నెయ్యి ఇంకిన వత్తి తావు.

"చీలలేదు. ఒక వెంట్రుకంత కూడా చీలలేదు. అది చెప్పల్లనే వచ్చినా."

వత్తి తావును జాగ్రత్తగా సగానికి విరిచాడు. ఒక సగం నా చేతిలో పెట్టాడు. రెండోది చూసుకుంటూ, "ఇంగ నాకూ కావాల గదమ్మీ" అన్నాడు. దాన్ని తువ్వాలు కొనకు కట్టుకున్నాడు. మేమిద్దరం ఆ మెట్టు మీద కూర్చొని అప్పుడు ఏడ్చాము.

మధ్యాహ్నానికి ఆమెను వ్యానులో ఊరికి తీసుకుపోయాము. పండగ తోరణాలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వాటి కింద నుంచి శవం పోకూడదు. బావ ముందే దిగి, వ్యానును చుట్టూ తోట దారిలో నడిపించాడు. అప్పటికి కబురు అందుకున్న ఊరంతా దారి పక్కన నిలబడి ఉంది. అందరికంటే ముందుకు వచ్చి వ్యాను తలుపు మీద తల ఆనించి ఏడ్చింది, పండగ ఆపినోళ్లని పేరు పడిన ఆ ఇంటి కోడలు. ఆమె పక్కకు వెళ్లి మా అత్త కోడలు నిలబడింది.

టమోటా తోట గట్టున, మామ పక్కనే ఆమెకు చోటు చేశారు. మట్టి వేసే ముందు మా వైపు నోట్లో బియ్యం వేస్తారు. ఒక్కొక్కరూ వేశారు. బావ వంతు వచ్చినప్పుడు అతను బియ్యం తీసుకోలేదు. తువ్వాలు ముడి విప్పి, వత్తి తావులోంచి చిటికెడు తుంచి ఆమె పెదవుల మధ్య పెట్టాడు. పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుడి పూజారి కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు. ఆయన కూడా వద్దనలేదు.

పిండి కొంచెం ఆమె పెదవి చివర అంటుకుంది, ఆత్రంగా తిన్న చిన్నపిల్లకు అంటుకున్నట్టు. నా చెయ్యి దానంతట అదే కొంగు అందుకుంది. వంగి, తుడవబోయి, ఆగాను.

అట్లాగే ఉండనిచ్చాము.